ముందు మీటరు, తరవాతే టంకం

అమ్మడూ,

జపాన్ నుంచి తెప్పించుకున్న రోలాండ్ జూనో-106 సింథసైజర్ స్విచ్చి వేస్తే ఒక్క లైటు కూడా వెలగలేదటగా. పాతది కాబట్టి కండెన్సర్లన్నీ మార్చెయ్యమని నీ స్నేహితులు చెప్పారనీ, ఆ కిట్టుకి నువ్వు డబ్బులు కట్టబోతున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. డబ్బులు కట్టడం ఓ వారం ఆపు తల్లీ. కండెన్సర్లు ఎక్కడికీ పోవు. అవసరమైతే తరవాత మార్చుకోవచ్చు. ముందు ఈ మావయ్య చెప్పేది విను. సింథసైజర్లు నాకు కొత్తేమో గానీ పవర్ సప్లైలు కొత్త కాదు. రేడియోలు, ఆంప్లిఫయర్లు, పెళ్ళి ఆర్కెస్ట్రా వాళ్ళ కీబోర్డులు, ఏ పెట్టె విప్పినా లోపల ఓ మూల కూర్చునేది ఇదే. నలభై ఏళ్ళ నాడు పుట్టిన పెట్టెల్లో అయితే అచ్చంగా ఇదే.

అన్నిటికన్నా ముందు ఒక మాట. చచ్చిన భాగాన్ని మార్చడం తేలిక. అది ఎందుకు చచ్చిందో తెలుసుకోకుండా మార్చావంటే కొత్తది కూడా అదే దారి పడుతుంది. కొన్నిసార్లు పోతూ పోతూ పక్కవాటిని కూడా తీసుకుపోతుంది. పవర్ సప్లైలో ఫ్యూజు పోయిందంటే అది తన పని తాను చేసి పోయిందని అర్థం. దాని మీద కోపం తెచ్చుకుని లావుపాటి ఫ్యూజు వేసేవాళ్ళు, సిగరెట్టు పెట్టెలోని తగరపు కాగితం చుట్టేవాళ్ళు, రాగి పోగు కట్టేవాళ్ళు మన ఊళ్ళల్లో కొల్లలు. ఆ తరవాత ట్రాన్స్‌ఫార్మర్ కాలిన వాసన వస్తుంది.

ఇక నీ జూనో సంగతి. ఇది 1984లో వచ్చిన మోడలు. దీనికి లోపల మూడు రకాల వోల్టేజీలు కావాలి: ప్లస్ పదిహేను, మైనస్ పదిహేను, ప్లస్ అయిదు. ఫిల్టర్లు, కోరస్ లాంటి శబ్దం పనులన్నీ ఆ పదిహేనుల జంట మీద నడుస్తాయి. ప్రాసెసరు, మెమరీ, ముందున్న ఎర్ర అంకెలు అయిదు వోల్టుల మీద నడుస్తాయి. ఈ చిన్న లెక్క తెలిస్తే మూత విప్పకుండానే సగం రోగం పట్టుకోవచ్చు. అంకెలు వెలిగి, మీటలు నొక్కితే లైట్లు మారుతూ, శబ్దం మాత్రం రాకపోతే పదిహేనుల వైపు చూడాలి. హెడ్‌ఫోన్స్‌లో ఏదో చిన్న చప్పుడు వినిపించి అంకెలు వెలగకపోతే అయిదు వైపు చూడాలి. నీ దాంట్లో ఏదీ లేదంటున్నావు. మూడు వోల్టేజీలూ ఎవరికి వారు ఒకే రోజున చావడం అరుదు. అందుకే నా అనుమానమంతా ఆ మూడూ విడిపోకముందున్న ఉమ్మడి దారి మీద: తీగ, స్విచ్చి, ఫ్యూజు, ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ. కండెన్సర్ల కిట్టు వీటిలో ఒక్కదాన్ని కూడా బాగుచెయ్యదు.

ఇంకో అనుమానం కూడా ఉంది. తిట్టడానికి అడగడం లేదు, నిజం చెప్పు. దాన్ని నేరుగా గోడ ప్లగ్గులో పెట్టావా?

జపాన్ ఇళ్ళల్లో కరెంటు 100 వోల్టులు, మనది 230. అక్కడ అమ్మిన వాయిద్యం వెనక లేబుల్ మీద 100 అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ లేబుల్ ఎవరూ చదవరు. దాని ప్లగ్గుకి రెండు చదును బద్దలుంటాయి. మన బజార్లో దొరికే యూనివర్సల్ ఎక్స్‌టెన్షన్ బోర్డులో గుండ్రటి పిన్నూ దూరుతుంది, చదును బద్దా దూరుతుంది. దూరిందంటే పెట్టొచ్చనుకుంటాం. యాభై రూపాయల ట్రావెల్ అడాప్టర్ కూడా అంతే. పిన్ను ఆకారాన్ని మారుస్తుంది గానీ వోల్టేజీని కాదు. వంద వోల్టుల ప్రైమరీకి 230 ఇస్తే లోపలి ఇనుము భరించగలిగిన అయస్కాంతం హద్దు దాటుతుంది. హద్దు దాటాక ఆ చుట్టు కరెంటును అదుపు చెయ్యలేదు, ఉత్త రాగి తీగలా గుంజేస్తుంది. ఫ్యూజు చురుగ్గా ఉంటే అదే పోతుంది, మిగతావి బతుకుతాయి. ఫ్యూజు బదులు ఎవరైనా పూర్వం తీగ ముక్క పెట్టి ఉంటే ప్రైమరీ కాలుతుంది. నీ దగ్గరికి రాకముందు దాన్ని ఎందరు విప్పారో మనకు తెలియదు కదా.

అన్నట్టు, జపాన్ వాయిద్యాలతో ఒక సుఖం ఉంది. ఆ దేశంలో తూర్పున 50 హెర్ట్‌జ్, పడమట 60 హెర్ట్‌జ్. పందొమ్మిదో శతాబ్దం చివర్లో టోక్యో వాళ్ళు జర్మనీ జనరేటర్లు, ఒసాకా వాళ్ళు అమెరికా జనరేటర్లు తెచ్చుకున్నారు, ఆ తేడా ఈ రోజుకీ అలాగే ఉంది. దానివల్ల అక్కడి సరుకు చాలావరకు రెండు ఫ్రీక్వెన్సీలకీ తట్టుకునేలా చేస్తారు. అమెరికా నుంచి వచ్చిన పాత వాయిద్యం మీద 60 అని మాత్రమే రాసి ఉంటే వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ పెట్టినా మన 50 మీద లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది. రేపు ఇంకోటి కొనేటప్పుడు గుర్తుపెట్టుకో. కొంటావు, నాకు తెలుసు.

మూత విప్పే ముందు చేతి గాజులు, ఉంగరం, మెళ్ళో గొలుసు తీసి పక్కన పెట్టు. రబ్బరు చెప్పులు వేసుకో. స్విచ్చి కట్టేస్తే చాలదు, ప్లగ్గు పీకేసి ఆ ప్లగ్గు నీ కంటి ముందు ఉండేలా బల్ల మీద పెట్టుకో. ఇంట్లో ఎవరో వచ్చి "ఇదెందుకు ఊడింది" అనుకుని పెట్టేస్తారు, మన ఇళ్ళల్లో ఇది మామూలే. కరెంటు ఉండగా కొలవాల్సి వస్తే ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని కుడి చేత్తోనే కొలువు. మీటరు ఎర్ర తీగ పది ఆంపియర్ల రంధ్రంలో ఉండిపోయిందేమో ప్రతిసారీ చూసుకో. ఆ రంధ్రంలో ఉండగా వోల్టేజీ కొలిస్తే నువ్వే షార్ట్ పెట్టినట్టు. ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో మీ నాన్నని అడుగు. లేకపోతే ముందు అది పెట్టించాకే ఈ పని.

పనిముట్లంటే పెద్దగా ఏమీ అక్కర్లేదు. మంచి మీటరు ఒకటి, సోల్డరింగ్ ఐరన్, టంకం పీల్చే పంపు, ఇంకా ఒక సీరీస్ బల్బు. ఈ సీరీస్ బల్బు సంగతి తరవాత విడిగా చెబుతాను. అయిదు వాట్ల రెసిస్టర్లు నాలుగు కొనుక్కో: పది ఓములవి రెండు, వంద ఓములవి రెండు. ఇంటర్నెట్‌లో రోలాండ్ వాళ్ళ సర్వీస్ నోట్స్ దొరుకుతాయి. అందులో పవర్ సప్లై పేజీ ఒక్కటి అచ్చు తీసి గోడకి అంటించుకో. ఫోనులో చూస్తూ పని చేస్తే ఒక్కో గీత ఎటు పోతోందో కంటికి ఆనదు.

ఇక వెతకడం. కాలువ చివరి పొలానికి నీళ్ళు రాకపోతే మీ తాతయ్య ఏం చేసేవాడు? పొలంలో నిలబడి మొక్కల్ని తిట్టేవాడు కాదు, తూము దగ్గర మొదలుపెట్టి గట్టు వెంబడి నడుస్తూ వచ్చేవాడు. నువ్వూ ప్లగ్గు దగ్గర మొదలుపెట్టు. ప్లగ్గు పీకి ఉంచి, వాయిద్యం స్విచ్చి మాత్రం ఆన్ చేసి, ఆ రెండు బద్దల మధ్య ఓములు కొలువు. ఈ ఒక్క కొలత తీగ, స్విచ్చి, ఫ్యూజు, ప్రైమరీ నాలుగింటినీ ఒకేసారి పరీక్షిస్తుంది. కొన్ని ఓముల నుంచి కొన్ని పదుల ఓముల దాకా ఏదో ఒక అంకె వస్తే దారి తెగలేదని అర్థం. మీటరు ఏమీ చూపించకపోతే దారి ఎక్కడో తెగింది. అప్పుడు మూత విప్పి ఒక్కో అంగుళం ముందుకి జరుగుతూ కొలువు: ప్లగ్గు నుంచి తీగ లోపలికి వచ్చే చోటుకి, అక్కణ్ణించి స్విచ్చి అవతలికి, ఫ్యూజు అవతలికి. తీగ పెట్టెలోకి దూరే చోట వంగి వంగి లోపల తెగడం పాత వాయిద్యాల్లో తరచూ చూస్తాం. పైన రబ్బరు బాగానే కనిపిస్తుంది. స్విచ్చి లోపల బిళ్ళలు మసిబారి పట్టుకోకపోవడం కూడా అంతే తరచు.

ఫ్యూజు పోయి ఉంటే దాన్ని పారెయ్యకు. వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడు. గాజు లోపల నల్లగా, వెండి రంగు పొగ పట్టినట్టుంటే అవతల గట్టి షార్ట్ ఉంది, తీగ ఒక్క క్షణంలో ఆవిరైపోయింది. గాజు శుభ్రంగా ఉండి తీగ మధ్యలో సన్నగా తెగి ఉంటే ముసలితనం కావచ్చు, కొద్దిపాటి ఎక్కువ బరువు కావచ్చు. రెండో రకానికి అదే విలువ ఫ్యూజు ఒకటి వేసి చూడొచ్చు. మొదటి రకానికి కారణం తెలిసేదాకా కొత్తది వెయ్యకు. ఫ్యూజు లోహపు టోపీ మీద టి అనే ఇంగ్లీషు అక్షరం ఉంటే అది నిదానంగా పోయే రకం, ఎఫ్ ఉంటే చటుక్కున పోయేది. ట్రాన్స్‌ఫార్మర్ స్విచ్చి వేసిన క్షణంలో ఒక్కసారి గట్టిగా గుంజుతుంది కాబట్టి దాని ముందు సాధారణంగా నిదానం రకం ఉంటుంది. రకం మారిస్తే మంచి వాయిద్యంలో కూడా ఫ్యూజులు పోతూనే ఉంటాయి, నువ్వు లేని షార్ట్ కోసం రాత్రంతా వెతుకుతావు.

ఫ్యూజు, స్విచ్చి, తీగ అన్నీ బాగుండి ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ కాళ్ళ మధ్య మీటరు ఏమీ చూపించకపోతే అప్పుడు గుండె రాయి చేసుకోవాలి. కానీ అక్కడ కూడా తొందరపడకు. చాలా ట్రాన్స్‌ఫార్మర్లలో పై పసుపు టేపు కింద ప్రైమరీకి వరసలో ఒక చిన్న థర్మల్ ఫ్యూజు దాక్కుని ఉంటుంది. వేడి హద్దు దాటితే అది శాశ్వతంగా తెగుతుంది. టేపు ఒక పొర విప్పితే కనిపించవచ్చు. దాన్ని తీసేసి తీగ ముక్కతో కలిపి "చూశారా, బాగైపోయింది" అనే మహానుభావులున్నారు. నువ్వు మాత్రం ఆ పని చెయ్యకు. అదే ఉష్ణోగ్రత అంకె ఉన్న కొత్త థర్మల్ ఫ్యూజు వెయ్యి. టంకం వేసేటప్పుడు కాలుని చిమటాతో పట్టుకో, లేకపోతే ఐరన్ వేడికే అది పోతుంది.

ప్రైమరీ నిజంగానే కాలితే ఏడవకు. ఇక్కడ మన దేశానికి ఒక గొప్ప సౌకర్యం ఉంది. వేరే దేశాల్లో ఇలాంటి ట్రాన్స్‌ఫార్మర్ కోసం నెలల తరబడి వెతుక్కుంటారు. మనకి ఓ మోస్తరు ఊళ్ళో కూడా స్టెబిలైజర్లు, ఇన్వర్టర్లు చుట్టేవాళ్ళుంటారు. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీ చుట్టుపక్కల అడిగినా చూపిస్తారు. ట్రాన్స్‌ఫార్మర్ పట్టుకెళ్ళి ఇలా చెప్పు: "సెకండరీ చుట్లు ఎన్ని ఉన్నాయో, ఏ గేజీ తీగో, అచ్చంగా అలాగే కావాలి. ప్రైమరీ మాత్రం 230కి చుట్టండి." విప్పేటప్పుడు చుట్లు లెక్కపెట్టమను, ఊహించి చుట్టనివ్వకు. వందకి ఉన్న చుట్లకి రెండు పాయింట్ మూడింతలు కొత్త ప్రైమరీకి పడతాయి. కరెంటు ఆ మేరకు తగ్గుతుంది కాబట్టి తీగ సన్నబడుతుంది, అదే బాబిన్‌లో ఇమిడిపోతుంది. ప్రైమరీకీ సెకండరీకీ మధ్య పల్చటి రాగి రేకు ఒక చుట్టు ఉండి, దాని నుంచి ఎర్తు తీగ బయటికి వస్తుంటే ఆ రేకు తిరిగి పెట్టమని గట్టిగా చెప్పు. దాన్ని వదిలేస్తే శబ్దంలో బరబర చేరుతుంది. కొత్త థర్మల్ ఫ్యూజు కూడా పెట్టించు. చివర వార్నిష్‌లో ముంచి ఆరబెట్టాలి. లేకపోతే లోపలి ఇనుప రేకులు సన్నగా గుయ్‌మంటాయి, సంగీతం వాయించే పెట్టెలో ఆ గొడవ మనకెందుకు.

ఇలా చుట్టిస్తే నీ జూనో ఇక మన దేశపు మనిషే, స్టెప్‌డౌన్ అక్కర్లేదు. కానీ రెండు పనులు మరవకు. ప్రైమరీ ఫ్యూజు పాత విలువలో సగం కన్నా తక్కువకి దిగాలి, ఎందుకంటే అవే వాట్లు ఇప్పుడు తక్కువ కరెంటుతో వస్తాయి. రెండోది, వెనకాల 100 అన్న లేబుల్ మీద కొత్త కాగితం అంటించి 230 అని పెద్దక్షరాల్లో రాయి. లేకపోతే ఎప్పుడో నువ్వు అమ్మేస్తే కొనుక్కున్నవాడు పాత లేబుల్ నమ్మి మళ్ళీ స్టెప్‌డౌన్ పెడతాడు. కాలిపోదులే, కానీ చాలని వోల్టేజీకి కారణమేమిటో తెలియక పాపం దాన్నంతా విప్పుతాడు.

ట్రాన్స్‌ఫార్మర్ బాగానే ఉంటే మాత్రం స్టెప్‌డౌన్ తప్పదు. బజార్లో 110 వోల్టులవి సులువుగా దొరుకుతాయి, 100వి చుట్టించుకోవాలి. పది వోల్టుల తేడాకి ఏముందిలే అనుకోకు. అయిదు వోల్టుల రెగ్యులేటర్‌కి లోపల పది వస్తోందనుకో, ఒక ఆంపియర్ దగ్గర అది అయిదు వాట్లు వేడిగా వదులుతుంది. పది పదకొండైతే ఆ వేడి ఆరు వాట్లు. పది శాతం వోల్టేజీకి ఇరవై శాతం వేడి. పైగా మన కరెంటు రాత్రి పూట 245 దాకా ఎక్కితే 110 కాస్తా 117 అవుతుంది. నలభై ఏళ్ళ రెగ్యులేటర్‌కి ఈ శిక్ష ఎందుకు? వంద వోల్టులకి, వెనక రాసిన వాట్లకి రెండింతల సామర్థ్యంతో చుట్టించు. హెయిర్ డ్రయ్యర్ల కోసం అమ్మే తేలికపాటి కన్వర్టర్ల జోలికి పోకు. అవి కరెంటు తరంగాన్ని ముక్కలుగా నరికి ఇస్తాయి. హీటరు దాన్ని ఓర్చుకుంటుంది గానీ ట్రాన్స్‌ఫార్మర్ ఓర్చుకోదు.

ఇప్పుడు సీరీస్ బల్బు. పాతకాలం ఫిలమెంటు బల్బు, అరవై వాట్లది, హోల్డరుతో సహా కొని, వాయిద్యానికి వెళ్ళే ఒక తీగకి వరసలో కలపాలి. ఎల్‌ఈడీ పనికిరాదు. లోపల ఎంత షార్ట్ ఉన్నా బల్బు మించి కరెంటు పోదు, ఇంకేదీ కాలదు. స్విచ్చి వేసినప్పుడు బల్బు ఒక్కసారి తళుక్కుమని మసకబారితే మంచిది, కండెన్సర్లు నిండాయన్నమాట. వెలుగుతూనే ఉంటే షార్ట్. అసలు మెరవకపోతే దారి తెగి ఉంది. అయితే నీ విషయంలో ఒక చిక్కుంది. బల్బుని స్టెప్‌డౌన్ అవతల, వంద వోల్టుల వైపు పెట్టాలి. అక్కడ 230 బల్బు నిండు షార్ట్‌కి కూడా నారింజ రంగులోనే వెలుగుతుంది. అది చూసి "కొంచెమే వెలిగింది, పర్వాలేదు" అనుకోకు. ఇంకో సంగతి, బల్బు ఉండగా లోపలి వోల్టేజీలు తక్కువే చూపిస్తాయి, కంగారుపడకు. అలాగే బల్బు ఉంది కదా అని ధైర్యం తెచ్చుకుని చెయ్యి పెట్టకు. అది వాయిద్యాన్ని కాపాడుతుంది, నిన్ను కాదు.

బల్బు పరీక్షకి ముందే ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ కనెక్టర్ పీకి ఉంచు. ఉత్త ట్రాన్స్‌ఫార్మర్‌కే బల్బు వెలిగితే చుట్లు లోపల అతుక్కున్నాయి. మసకబారితే కనెక్టర్ పెట్టు. అప్పుడు వెలిగితే తప్పు నాలుగు డయోడ్ల బ్రిడ్జి దగ్గరో, ఫిల్టర్ కండెన్సర్ దగ్గరో ఉంది. డయోడ్లు చూడ్డం నిమిషం పని: మీటరు డయోడ్ గుర్తు మీద ఒక వైపు అర వోల్టు పైచిలుకు, రెండో వైపు ఏమీ లేకపోవడం. ఒకటి పోతే నాలుగూ మార్చెయ్. ఫిల్టర్ కండెన్సర్ పైన ఉబ్బినా, కింద జిగురు కారినా మార్చు. అదే విలువ, వోల్టేజీ అంతే లేదా ఎక్కువ, 105 డిగ్రీలది. ప్లస్ మైనస్ తిప్పి పెడితే పేలుతుంది, పెట్టాక రెండుసార్లు చూడు. కండెన్సర్ ఎండిపోతే వాయిద్యం మామూలుగా చావదు తల్లీ, వంద హెర్ట్‌జ్ గుయ్ మొదలవుతుంది. నీ దాంట్లో గుయ్ కూడా లేదన్నావు కాబట్టే కిట్టు వద్దన్నాను.

అక్కణ్ణించి రెగ్యులేటర్లు. నేను ఎక్కువమంది పిల్లలు తడబడటం చూసేది ఇక్కడే. రెగ్యులేటర్ లోపలికి వోల్టేజీ వస్తోంది, బయటికి సున్నా. వెంటనే "ఐసీ పోయింది" అంటారు. పోయి ఉండొచ్చు. బయట షార్ట్ ఉంటే తనని తాను కాపాడుకోవడానికి అది కట్టేసుకుని కూర్చుని కూడా ఉండొచ్చు. తేల్చేది ఒక్కటే: పవర్ సప్లై బోర్డు నుంచి మిగతా బోర్డులకి వెళ్ళే కనెక్టర్లు పీకి, వాటి బదులు నేను కొనమన్న రెసిస్టర్లు తగిలించు. అయిదు వోల్టులకి పది ఓములు పెడితే అర ఆంపియర్ పోతుంది. పదిహేనులకి వంద ఓములు పెడితే ఆంపియర్‌లో ఏడో వంతు. అవి కాలేంత వేడెక్కుతాయి, చెక్క మీద పెట్టకు. ఆ బరువు మీద మూడు వోల్టేజీలూ స్థిరంగా నిలబడితే పవర్ సప్లై నిర్దోషి, షార్ట్ అవతలి బోర్డుల్లో ఉంది.

అయిదు వోల్టుల చోట ఏడో ఎనిమిదో కనిపించిందా, చేతులెత్తెయ్. కనెక్టర్లు పెట్టకు. ఆ ఎక్కువ వోల్టేజీ ఒక్క క్షణం తగిలితే ప్రాసెసరు, మెమరీ పోతాయి, వాటి ముందు పవర్ సప్లై ఖర్చు చిల్లరే. కొత్త రెగ్యులేటర్ వేశాక కూడా ముందు రెసిస్టర్ల మీదే పరీక్షించు, ఆ తరవాతే బోర్డులు కలుపు. పవర్ సప్లై చచ్చిన వాయిద్యాల్ని మళ్ళీ బతికించొచ్చు. బాగుచెయ్యబోయి చంపినవాటిని బతికించడం కష్టం.

రెగ్యులేటర్ మార్చేటప్పుడు ఒక ఉచ్చు ఉంది. 7815 లాంటి ప్లస్ రకానికి అక్షరాలు నీ వైపు ఉంటే ఎడమ నుంచి లోపలికి, గ్రౌండు, బయటికి. 7915 లాంటి మైనస్ రకానికి గ్రౌండు, లోపలికి, బయటికి. చూడ్డానికి రెండూ కవలలే. పైగా మైనస్ రకం వీపు రేకు గ్రౌండు కాదు, లోపలికి వచ్చే కాలుకి కలిసి ఉంటుంది. అభ్రకం పొర వెయ్యకుండా హీట్ సింక్‌కి బిగిస్తే నీ చేత్తో నువ్వే షార్ట్ పెట్టినట్టు. నీ బోర్డు మీద ఏ నంబరుందో చూసి, దాని డేటాషీటు తెరిచి, కాళ్ళు కాగితం మీద గీసుకున్నాకే ఐరన్ వేడి చెయ్యి.

షార్ట్ అవతలి బోర్డుల్లో ఉంటే ఆ కాలపు వాయిద్యాల్లో నా మొదటి అనుమానం టాంటలం కండెన్సర్ల మీద. కన్నీటి బొట్టు ఆకారంలో చిన్నగా, రంగుగా ఉంటాయి. మామూలు కండెన్సర్ ఎండిపోయి చస్తుంది, టాంటలం షార్టై చస్తుంది. పదిహేను వోల్టుల లైను మీద పదహారు వోల్టులవి వేసిన డిజైన్లు కూడా ఉండేవి, ఊపిరి పీల్చుకునే చోటు లేదు. మారిస్తే ముప్పై అయిదు వోల్టులవి వెయ్యి. ఏది షార్టో పట్టుకోవడానికి అన్నీ పీకక్కర్లేదు. కరెంటుకి హద్దు పెట్టే బెంచ్ సప్లైతో ఒక వోల్టు, అర ఆంపియర్ ఇచ్చి, రాగి దారి వెంబడి మిల్లీవోల్టులు కొలుచుకుంటూ పో. ఎక్కడ అంకె అన్నిటికన్నా తక్కువ పడుతుందో షార్ట్ అక్కడ. వేలు పెడితే వెచ్చగా తగులుతుంది కూడా.

ట్రాన్స్‌ఫార్మర్ కాళ్ళు, రెగ్యులేటర్ కాళ్ళు, వెనక జాకులు బోర్డులోకి దిగే చోట భూతద్దం పెట్టి చూడు. టంకం చుట్టూ సన్నటి ఉంగరంలా పగులు కనిపిస్తే అది డ్రై సోల్డర్. జపాన్ నుంచి ఓడల మీదో విమానంలోనో వచ్చిన బరువైన పెట్టెకి ఇది మామూలు. పాత టంకం పీల్చేసి కొత్తది వెయ్యి. కొన్ని రోజులు పనిచేసి కొన్ని రోజులు మొండికేసే వాయిద్యాల్లో చాలావాటికి వైద్యం ఇంతే.

ఇంకో మోడలు కొనేలోగా ఒక ముక్క. కాసియో సీజెడ్-101 లాంటివి తొమ్మిది వోల్టుల అడాప్టర్ మీద నడుస్తాయి, కానీ ప్లగ్గు మధ్యలో మైనస్ ఉంటుంది. మన బజారు అడాప్టర్లలో ఎక్కువవాటికి మధ్యలో ప్లస్. కోర్గ్ పాలీసిక్స్ దొరికితే కొనేముందే మూత విప్పించి లోపలి నికెల్ కాడ్మియం బ్యాటరీ కారి బోర్డు తినేసిందేమో చూడు. దానికి అది పేరుమోసిన జబ్బు.

కరెంటు వచ్చి ఎర్ర అంకెలు వెలిగాయనుకో. ఎగిరి గంతేసి మూత బిగించకు. ఒక గంట అలాగే ఉంచి వోల్టేజీలు మళ్ళీ కొలువు, హీట్ సింక్ ఎంత వేడెక్కిందో చూడు. ఆరు స్వరాల్లో ఒకటి పలకకపోయినా, ఒకటి బరబరలాడినా పవర్ సప్లైని మళ్ళీ విప్పకు. అది 80017ఎ అనే చిప్పుల జబ్బు, పైన పోసిన నల్ల ఎపాక్సీ పూత కాలం గడిచి వాటిని పాడుచేస్తుంది. దానికి వేరే వైద్యం ఉంది.

అన్నిటికన్నా నాకు ముచ్చటైన సంగతి ఇంకోటుంది. వాయిద్యం చచ్చి ఉన్నా లోపల నాణెం లాంటి లిథియం బ్యాటరీ ఒకటి దాని 128 శబ్దాల జ్ఞాపకాన్ని పట్టుకుని ఉంటుంది. జపాన్‌లో దీన్ని వాయించినవాళ్ళు ఎవరో ఏళ్ళ తరబడి మీటలు జరిపి దాచుకున్న శబ్దాలు అందులో ఉండొచ్చు. మన సినిమా పాటల్లోకి ఈ తరం వాయిద్యాలు దిగిన రోజుల్లో మద్రాసులో కీబోర్డు వాయించేవాళ్ళు కూడా తమ శబ్దాల్ని ఇలాగే దాచుకుని ఉంటారు. రాజ్-కోటి దగ్గర వాయించిన కుర్రవాడు రెహమానే కదా. అందుకని పవర్ సప్లై బాగయ్యేదాకా ఆ బ్యాటరీ జోలికి పోకు. "పాత బ్యాటరీ, మార్చేద్దాం" అని ముందే పీకితే ఆ శబ్దాలన్నీ పోతాయి. వాయిద్యం లేచాక వెనక టేపు సేవ్ జాకు నుంచి కంప్యూటర్లోకి ఆ కీచుశబ్దాన్ని రికార్డు చెయ్యి, వెరిఫై కూడా చెయ్యి, అప్పుడు బ్యాటరీ మార్చు.

ముందుగా ప్లగ్గు బద్దల మధ్య ఓములెంతో కొలిచి, ఫ్యూజు ఫొటో, వెనక లేబుల్ ఫొటో వాట్సాప్‌లో పెట్టు. మూత విప్పాక లోపల తీగలు ఎక్కడెక్కడున్నాయో ఏదీ కదపకముందే ఫొటోలు తీసుకో. బెంచ్ సప్లై నీ దగ్గర లేకపోతే కొనకు, నా దగ్గరుంది. సంక్రాంతికి కారులో వస్తే వాయిద్యాన్ని కూడా తీసుకురా, వెనక సీటులో దుప్పటి చుట్టి పెట్టు. బస్సు లగేజీలో మాత్రం వెయ్యకు.

మీ మావయ్య